సాయవ్వ గడప

కరీంనగర్,
17 నవంబర్ 2024

ప్రియమైన జమునా,

నువ్వు చేసిన మూడు ఫోన్లూ చూశాను. ఎత్తలేదని కోపం తెచ్చుకోకు. ఆగస్టులో వచ్చిన జ్వరం పోతూ పోతూ నా వినికిడిని పట్టుకుపోయింది. ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిచెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెబితే కొంత అందుతుంది. మిగతాదంతా ఎదుటివాళ్ల పెదవులు చూసి పోల్చుకుంటున్నాను. బడిలో పాఠాలు తీసేసి నాకు లైబ్రరీ అప్పగించారు. హాస్టల్ వదిలాక పదేళ్లు మనం ఉత్తరాలతోనే గడిపాం కదా, మళ్లీ అలాగే గడుపుదాం. వాట్సాప్ ఉందిగా అంటావు. నీతో రెండు ముక్కలు రాసుకుంటే నాకు కడుపు నిండదు.

మా ఇంటి వెనక నల్లగుండ్ల గుట్ట గుర్తుందా? ఇంటర్ సెలవుల్లో వచ్చినప్పుడు రేగుపండ్లు ఏరుకుని పావడాలు చింపుకున్నాం. ఇప్పుడు రోజూ తెల్లవారగానే అక్కడికి పోతున్నాను. మేకల కొమురవ్వ తోడు వస్తుంది. డెబ్బై ఏళ్ల మనిషి. ఏ పొదలో ఏ జీవం ఉంటుందో ఆమెకు నోటికి వచ్చు. గుట్టమీది పెద్దగుండు దగ్గర గుంటనక్కల జంట ఒకటి కాపురం పెట్టింది. పిల్లికంటే కాస్త పెద్దవి, బూడిద రంగు, తోక కొసన నలుపు. మమ్మల్ని చూసి పారిపోవు. కాస్త దూరం పోయి కూర్చుని మేమెప్పుడు పోతామా అని చూస్తాయి.

పోయిన వారం గుట్ట కింది పడావు భూమిలో హద్దురాళ్లు పాతారు. పద్దెనిమిది ఎకరాల వెంచర్ అట. గుట్టను కూడా సగం చెక్కి చదును చేస్తారట. ఇటు కాలనీలు, అటు బైపాస్ రోడ్డు, వెనక గ్రానైట్ క్వారీ. పట్నం అన్ని వైపులా పెరిగి వచ్చాక ఈ జీవాలకు మిగిలింది ఈ గుట్ట, దీనినుంచి కాల్వకు పోయే సన్నటి దారి, అంతే. నేను, కొమురవ్వ, ఇంకో ఇరవైమంది కలిసి కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం. అక్కడ కాగితం తీసుకున్నాయన, "నక్కలున్నయంటే ఎవలు నమ్ముతరు మేడం? గా చదువు చదివినోళ్లు ఎవలన్న రాసియ్యాలె" అన్నాడు. నాకు వెంటనే నువ్వే గుర్తొచ్చావు. ఇరవై ఏళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నావు. నీ మాటకు ఉన్న బరువు మా ఇరవైమంది సంతకాలకు లేదు.

నీ బిడ్డ సృజనకు నా ముద్దులు.

నీ
స్తుతి

ఖానాపూర్,
4 డిసెంబర్ 2024

నా స్తుతికి,

నీ ఉత్తరం చదివి సృజన ముందే ఏడ్చాను. మూడు నెలలుగా ఒక్కదానివే మోసుకున్నావు, నాకు ఒక్క మాట చెప్పలేదు. హాస్టల్లో నా పంటినొప్పికి వార్డెన్‌తో కొట్లాడినదానివి, నీ సంగతి మాత్రం దాచుకుంటావు.

నక్కల సంగతి చదివి మళ్లీ పద్దెనిమిదేళ్లదాన్ని అయ్యాను. తప్పకుండా రాసిస్తాను. అయితే స్తుతీ, జీవాలున్నాయి అంటే అధికారులకు చాలదు. ఏవి, ఎన్ని, ఎక్కడ, ఏ వేళలో అన్నీ ఉండాలి. నువ్వు రోజూ పోతున్నావు కాబట్టి ఒక పటం గీసి పంపు. పెద్దగుండు నుంచి ఏ బొరియ ఎన్ని అడుగుల దూరమో రాయి. ఎన్ని వాకిళ్లు ఉన్నాయో కూడా రాయి.

ఇక్కడ మా కాలేజీలో ఈ ఏడు జంతుశాస్త్రంలో చేరింది పదకొండుమంది. సెక్షన్ ఎత్తేస్తారని అందరం పరేషాన్‌లో ఉన్నాం. మా కరస్పాండెంట్ కైలాసం సారు ఏం చేస్తాడో తెలియదు. సృజన చదివేది కూడా వాళ్ల ఫార్మసీ కాలేజీలోనే కదా. సరే, ఆ గోల నీకెందుకు. పటం పంపు, ఎదురుచూస్తుంటాను.

నీ
జమున

కరీంనగర్,
22 డిసెంబర్ 2024

ప్రియమైన జమునా,

పటం దీనితో పెట్టాను. నాలుగు రోజులు పట్టింది. నేను అడుగులు వేస్తుంటే కొమురవ్వ వేళ్లు ముడుస్తూ వచ్చింది. మధ్యలో మేక పారిపోతే మళ్లీ మొదటినుంచి.

పటంలోని పేర్లు చూసి నవ్వకు. అవి నేను పెట్టుకున్నవే, కొమురవ్వకు కూడా తెలియవు. పెద్దగుండుకు తూర్పున నలభై అడుగుల దూరంలో నక్కల బొరియ. దాని పెద్దవాకిలి ముందు చదునైన రాయి ఉంది. మా అవ్వ సాయవ్వ కట్టెలమోపు దించుకుని అలుపు తీర్చుకునేది దానిమీదే. అందుకే ఆ వాకిలికి 'సాయవ్వ గడప' అని రాశాను. అవ్వ పోయి ఆరేళ్లయింది. ఆమె కూర్చున్న చోట ఇప్పుడు ఒక నక్క కాళ్లు చాపుకుని ఎండ కాగుతుంటే నాకు ఎంత బాగుంటుందో చెప్పలేను. బొరియకు ఇంకో రెండు వాకిళ్లు ఉన్నాయి, ఒకటి బలుసు పొద వెనక, ఒకటి కాల్వ వైపు. చెవులపిల్లులు తిరిగే గడ్డి జాగాకు 'మునికాళ్ల మిట్ట' అని పెట్టాను. ఏదైనా అలికిడైతే కుందేళ్లన్నీ వెనక కాళ్లమీద లేచి చూస్తాయి. ఏదుపందులు దూరే రాళ్ల సందు 'ముండ్ల ఇల్లు'.

ఇంకో సంగతి కూడా రాసుకో. బైపాస్ మీద కొత్త లైట్లు పెట్టినప్పటినుంచి ఆ వైపు గడ్డిలో చెవులపిల్లుల పెంటికలు కనబడటం లేదు. కాలనీలో ఎలుకల మందు పెడుతున్నారు, ఆ ఎలుకల్నే నక్కలు తింటాయి. పోయిన నెల ఒక ముంగీస రోడ్డుమీద అతుక్కుపోయి ఉంది.

ఈ కాగితం నీకు తప్ప ఎవరికీ చూపను. వేటగాళ్ల చేతిలో పడితే అంతే. నీ చేతిలో ఉంటే నా దగ్గర ఉన్నట్టే.

నీ
స్తుతి

ఖానాపూర్,
30 జనవరి 2025

ప్రియమైన స్తుతికి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన సకినాలు సృజన ఒక్కరోజులో ఖాళీ చేసింది. హుజూరాబాద్‌లో పిన్ని మనవరాలి పెళ్లి పుణ్యమా అని నిన్ను చూడగలిగాను.

గుట్టమీద నేను ఎక్కువ మాట్లాడలేదని నువ్వు బాధపడ్డట్టున్నావు. బాధపడాల్సింది ఏమీ లేదు. ప్రయాణం వల్ల తలనొప్పి. నువ్వు చెయ్యి పట్టుకుని చూపించినవన్నీ చూశాను. ఆడది కడుపుతో ఉంది, నువ్వు అన్నది నిజమే.

ఆ గుట్టను మరీ అంతగా మనసుకు పట్టించుకోకు స్తుతీ. నీ ఆరోగ్యం చూసుకో. రిపోర్టు సంగతి నేను చూసుకుంటాను.

జమున

కరీంనగర్,
26 మార్చి 2025

ప్రియమైన జమునా,

మూడు పిల్లలు! ఇవాళ పొద్దున సాయవ్వ గడప మీద మూడూ బయటికి వచ్చి ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటున్నాయి. తండ్రి నోట్లో ఎలుకతో వచ్చాడు. దాన్ని కింద పెట్టి వెనక్కి జరిగి నిలబడ్డాడు. పిల్లలు లాక్కుంటుంటే తల్లి ఏమీ పట్టనట్టు ఒళ్లు నాక్కుంటోంది. కొమురవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కింద వెంచర్ వాళ్లు ప్రహరీ కడుతున్నారు. కాల్వ దారిని సగం మూసేశారు. పనులు చూసే సంపత్ అనే అతన్ని కలిసి, గోడ కింద అక్కడక్కడ జానెడు కంతలు వదలమని కాగితం మీద రాసిచ్చాను. అతను చదివి నవ్వాడు. "నక్కలకు గేట్లు వెట్టాల్నా మేడం?" అన్నాడు. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. అవును, పెట్టాలి అన్నాను. సారును అడుగుతానన్నాడు.

అర్జీ మీద విచారణ మే నెలలో ఉంటుందట. వెంచర్ వాళ్లు కూడా ఎవరో అధ్యాపకులతో సర్వే చేయించి రిపోర్టు పెట్టారని ఆఫీసులో చెప్పారు. ఎవరితో చేయించారో, వాళ్లు గుట్ట ఎప్పుడు ఎక్కారో తెలియదు, నేను రోజూ అక్కడే ఉంటాను కదా. పోనీలే, మన వైపు నువ్వు ఉన్నావు. నీ రిపోర్టు ఎప్పుడు పంపుతావు? రెండు నెలలుగా నీనుంచి ఉత్తరం లేదు.

నీ
స్తుతి

ఖానాపూర్,
9 ఏప్రిల్ 2025

స్తుతీ,

పరీక్షల పనిలో పడి రాయలేదు. రిపోర్టు తయారవుతోంది.

19, 20 తేదీల్లో బాసరకు రాగలవా? సృజన కోసం మొక్కు ఉంది. నువ్వు గుడిలోకి రానక్కర్లేదు, గోదావరి ఒడ్డున కూర్చుందువు. రెండు రోజులు ఇద్దరం కలిసి ఉందాం. గది చూసి పెట్టాను. కాదనకు. తప్పకుండా రావాలి.

జమున

కరీంనగర్,
24 ఏప్రిల్ 2025

జమునా,

బాసర నుంచి ఆదివారం పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. కొమురవ్వ మా గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

శనివారం పొద్దున జేసీబీ వచ్చిందట. గుట్టమీద పని మొదలుపెడితే రోడ్డు వైపు నుంచి కదా మొదలుపెట్టాలి? ఇది అలా చేయలేదు. కొమురవ్వ నా కుడిచెవిలో నోరు పెట్టి చెప్పింది. "మిషిను సక్కగ పెద్దగుండు కాడికే వచ్చింది బిడ్డా. ఏడ ఏమున్నదో ముందే సూసి పోయినోని లెక్క. ఒక్కతాన గూడ దేవులాడలే." మూడు వాకిళ్లలోనూ మొరం కొట్టి బకెట్‌తో అదిమారు. బలుసు పొద వెనకది కొమ్మలు తప్పించి వెతికితే గానీ కనబడదు, వాళ్లకు తెలిసింది. తరవాత ముండ్ల ఇల్లు. ఆ తరవాత మిట్టమీది గడ్డికి నిప్పు పెట్టారు.

కొమురవ్వ మిషన్‌కు అడ్డం పడితే ఇద్దరు పట్టుకుని పక్కకు జరిపారు. వాళ్లు పోయాక గడ్డపార తెచ్చి ఒక్కతే తవ్వింది. మధ్యాహ్నం దాటాక రెండు పిల్లలు దొరికాయి. రెండూ ఊపిరాడక పోయాయి. మూడోది దొరకలేదు. తల్లి దూరంగా గుండు మీద నిలబడి, ఆమె తవ్వుతున్నంతసేపూ చూసిందట.

సోమవారం బైపాస్ మీద మగది చచ్చిపడి ఉంది. గోడ కట్టాక కాల్వకు పోవాలంటే రోడ్డు దాటడం తప్ప వేరే దారి లేదు. దాన్ని నేనే ఎత్తుకొచ్చి పూడ్చాను.

నేను ఊళ్లో ఉంటే ఆపేదాన్నేమో జమునా. రోజూ ఉంటాను, ఆ రెండు రోజులే లేను. నువ్వు తప్ప ఈ బాధ చెప్పుకోవడానికి నాకు ఎవరున్నారు? విచారణ మే 12న. నీ రిపోర్టు వెంటనే పంపు.

స్తుతి

ఖానాపూర్,
3 మే 2025

స్తుతీ,

నీ ఉత్తరం అందింది. ఆ గుట్ట ఇవాళ కాకపోతే రేపైనా పోయేదే. పట్నం పక్కన ఉన్న ఏ గుట్ట నిలిచింది చెప్పు? నువ్వు ఊళ్లో ఉన్నా ఆపలేకపోయేదానివి. నీమీద నువ్వు నింద వేసుకోకు.

ఆరోగ్యం బాగాలేక రిపోర్టు పూర్తి చేయలేకపోయాను. విచారణకు పోకపోయినా ఫర్వాలేదు. మరచిపో. కొన్నాళ్లు ఇక్కడికి వచ్చి ఉండు.

జమున

కరీంనగర్,
19 జూన్ 2025

జమునకు,

మే 12న విచారణకు పోయాను. వెంచర్ వాళ్ల రిపోర్టు చూసి మా అర్జీ పక్కన పెడుతున్నామన్నారు. ఆ రిపోర్టు నకలు ఇవ్వమని దరఖాస్తు పెట్టుకున్నాను. నిన్న వచ్చింది.

ఆరు పేజీలు. నాలుగో పేజీలో ఇలా ఉంది: "సాయవ్వ గడప అని పిలిచే స్థలం వద్ద గల మూడు వాకిళ్ల బొరియ పాతబడి, నివాసం లేనిదిగా గుర్తించడమైనది. మునికాళ్ల మిట్టపై కుందేళ్ల ఆనవాళ్లు లేవు. ముండ్ల ఇల్లు వద్ద ఏదుపందులు లేవు."

మా అవ్వ పేరు ఆ కాగితం మీదికి ఎట్లా వచ్చిందా అని మొదట ఆశ్చర్యపోయాను. చాలాసేపు అర్థం కాలేదు. ఆ పేర్లు నేను పెట్టుకున్నవి. కొమురవ్వకు కూడా చెప్పలేదు. నీకు తప్ప ఎవరికీ రాయలేదు.

చివరి పేజీలో సర్వే చేసిన తేదీ 24 జనవరి 2025 అని ఉంది. ఆ రోజు మధ్యాహ్నం నువ్వు మా ఇంట్లో పచ్చిపులుసు పోసుకుని రెండోసారి అన్నం పెట్టించుకున్నావు. తేదీ కింద సంతకం ఉంది. హాస్టల్ రిజిస్టర్‌లో నా పేరు పక్కన రెండేళ్లు చూసిన సంతకం. అయినా నిన్ను అడగకుండా నమ్మడం నాకు చేతకావడం లేదు.

ఆ సంతకం నీదేనా? జనవరిలో నువ్వు వచ్చింది పెళ్లికేనా? బాసరకు నన్ను ఎందుకు పిలిచావు?

గోదావరి ఒడ్డున ఆ రెండు రోజులూ నువ్వు మొహం నదివైపే పెట్టుకున్నావు. పెదవులు కనబడకపోతే నాకు మాట అందదని నీకు తెలుసు. ఏదో కష్టంలో ఉన్నావనుకుని, అడిగి నొప్పించడం ఇష్టంలేక నీ వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

స్తుతి

ఖానాపూర్,
16 జూలై 2025

స్తుతికి,

సంతకం నాదే. పెళ్లి అబద్ధం. బాసరకు నిన్ను పిలిచింది నువ్వు ఊళ్లో ఉండకూడదని.

డిసెంబరులో పటం అడిగినప్పుడు నా మనసులో ఏ దొంగతనమూ లేదు. నీకోసమే రాద్దామని డిపార్ట్‌మెంట్‌లో దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. కైలాసం సారు వచ్చి చూశాడు. ఆ వెంచర్లో ఆయనకు పొత్తు ఉందని నాకు తెలిసింది అప్పుడే. ఆయన కోపం కూడా చేయలేదు. "గుట్ట ఎట్లైనా పోతది మేడం. మీరు రాస్తే మీ సెక్షన్ ఉంటది. ఇంకోలు రాస్తే ఆళ్లది ఉంటది. బిడ్డ సదువు గూడ ఈన్నే ఉన్నది, జర ఆలోచన చెయ్యుండ్రి" అన్నాడు. నేను పదిహేను రోజులు ఆలోచించాను. ఆ పదిహేను రోజుల్లో నీకు ఒక్క ఉత్తరం రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు.

నీ ఇంట్లో తిన్నాను, నీ చెయ్యి పట్టుకుని గుట్ట ఎక్కాను, కడుపుతో ఉన్న నక్కను కళ్లారా చూశాను, వచ్చి లేదని రాశాను. పేర్లు నీవని కూడా తోచలేదు, పటంలో ఉన్నట్టే దించాను. వెంచర్ వాళ్లు పటం అడిగితే ఇచ్చాను. ఇస్తూ ఆ చోట్లు వదిలేయమని సంపత్‌తో చెప్పాను. చెప్పాను కాబట్టి నా బాధ్యత తీరిందనుకున్నాను. 19న మిషన్ పెడుతున్నారని వాళ్లే నాకు చెప్పారు. ఆపమని గట్టిగా అడగలేకపోయాను. కనీసం నువ్వు చూడకుండా ఉంటే చాలనుకున్నాను. ఆ రోజు అది నాకు దయలాగానే తోచింది, స్తుతీ. నీ చెయ్యి వీపుమీద ఉన్నంతసేపు అక్కడ మిషన్ తిరుగుతోందని నాకు తెలుసు.

సృజనకు మొత్తం చెప్పాను. వారం రోజులు తన వంట తనే వండుకుంది. తరవాత, "రాసిందాన్ని వాపస్ తీసుకో అమ్మా, నా సదువు నేను సూస్కుంట" అంది. నా రిపోర్టు అబద్ధమని, జనవరి 24న గుట్టమీద నేను చూసింది ఇదీ అని రాసి నిన్న కలెక్టరేట్‌కు రిజిస్టర్ పోస్టులో పంపాను. నకలు దీనితో పెట్టాను. ఆ సంగతి నేనే కాలేజీలో చెప్పాను, ఇవాళే నన్ను రావద్దన్నారు.

ఒక్క మాట అడుగుతాను. తల్లి, ఆ మూడో పిల్ల ఎక్కడైనా కనబడితే నాకు రాయి. చోటు చెప్పు. నేనే వచ్చి చూసి, ఈసారి ఉన్నది ఉన్నట్టు రాసి నా పేరుతో ఇస్తాను. ఆ ఒక్కటీ చేయనివ్వు.

జమున

కరీంనగర్,
23 నవంబర్ 2025

జమున గారికి,

నాలుగు నెలలు ఆలస్యంగా రాస్తున్నాను. ఏం జరిగిందో తెలియడానికి అంతకాలం పట్టింది.

మీ వాంగ్మూలం చూశాక మళ్లీ విచారణ పెట్టారు. నాకు వినపడదు కాబట్టి కాగితం చేతికే ఇచ్చి చదువుకోమన్నారు. అందులో ప్రతి వాక్యమూ నిజమే. ఆడది ఎండలో ఎలా పడుకుందో, మనం ఎంత దూరంలో నిలబడ్డామో కూడా రాశారు. అంత బాగా చూశారన్నమాట. ముందు రాసిన ఆరు పేజీలకంటే ఇది చదవడమే నాకు కష్టమైంది.

గుట్టకూ కాల్వకూ మధ్య మిగిలిన ఆరు ఎకరాల్లో పని ఆపమని ఆర్డర్ వచ్చింది. గోడ కింద నాలుగు చోట్ల కంతలు పెట్టమన్నారు. సంపత్ మొన్న మనుషులను పెట్టి కొట్టించాడు. పెద్దగుండు మాత్రం లేదు. విచారణకు ముందే పగలగొట్టి లారీల్లో ఎత్తారు. మా అవ్వ కూర్చున్న రాయి కూడా పోయింది. మిట్టమీద ఇప్పుడు వెంచర్ ఆఫీసు, దాని ముందు వరసగా లైట్లు. కుందేళ్లు రెండు కాల్వ వైపు కనబడ్డాయి. ఏదుపందుల జాడ లేదు. కొమురవ్వ మేకలు అమ్మేసింది. అయినా పొద్దున్నే నాతో వస్తుంది.

మీ ఉద్యోగం పోయినందుకు సంతోషపడటం లేదు. సృజన ట్యూషన్లు చెబుతూ చదువుకుంటోందని విన్నాను. ఆ పిల్లకు నా దీవెనలు చెప్పండి. ప్రార్థనలో క్షమించాను అని రోజూ అంటున్నాను. నోటితో అంటున్నాను. ఇంకా లోపలికి దిగలేదు.

ఒక సంగతి మీకు తెలియాలి. చెవులు పోయాక మనుషులు మాట్లాడేదాంట్లో సగం నాకు అందదు. అందింది నిజమో కాదో మొహాలు చూసి ఊహించుకోవాలి. అనుమానం లేకుండా నేను నమ్మింది కాగితం ఒక్కదాన్నే, అందులోనూ మీ కాగితాన్ని. ఇప్పుడు పోస్ట్‌మన్ వస్తే కవరు చించడానికి భయం వేస్తోంది.

మీరు అడిగినదానికి జవాబు. పోయిన మంగళవారం పొద్దు పొడిచే వేళ నక్కను చూశాం. అదే తల్లి అని కొమురవ్వ ఒట్టు వేసి చెబుతోంది, నేను అంత గట్టిగా చెప్పలేను. వెనకాలే ఇంకొకటి వచ్చింది, దానికంటే కాస్త చిన్నది. రెండూ కొత్త మట్టి తోడుతున్నాయి.

ఎక్కడో మాత్రం మీకు రాయను.

స్తుతి